ఆ మాటకు తెలుగు

మాట ఒక్కటే. మిగిలిన కాగితమంతా ఆమెకు అర్థమైంది. వంతెన, రాకపోకలు, సైరన్ మోగిన క్షణం నుంచి, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు: అన్నీ పాత చుట్టాలే, ఏళ్ల తరబడి ఈ గదిలోకి వచ్చిపోతున్న ఇంగ్లీషు మాటలే. వాటి నడుమ ఇంటర్‌డిక్ట్ అనే ఆ ఒక్కటి మాత్రం, ఇంటిల్లిపాదీ కూర్చున్న గదిలోకి తలుపు తట్టకుండా వచ్చి, ఎవరి తాలూకో చెప్పకుండా నిలబడ్డ మనిషిలా ఉంది. అధికారి ఆ కాగితాన్ని ఎప్పటిలా బంట్రోతు చేత పంపకుండా తానే మెట్లెక్కి తెచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "సైరన్ మోగాకే చదవాలి. ఈలోగా పెదవి విప్పారో, వంతెన మీద తొక్కిసలాట. ఆ పాపం మీ మెడకే చుట్టుకుంటుంది, తెలిసిందా?" అన్నాడు. తెలిసిందని తలూపి, "ఈ ఒక్క మాటకు అర్థం..." అని ఆమె అడగబోతే, "మా నిఘంటువు మీరేగా" అని నవ్వి, నవ్వు పూర్తి కాకుండానే మెట్లు దిగిపోయాడు. ఆ బూట్ల చప్పుడు అడుగంటేదాకా ఆమె వింటూ కూర్చుంది. పెద్ద అధికారులు మెట్లు దిగేటప్పుడు తొందరపడరు. తొందరంతా కింది వాళ్లది. ఈయన ఇవాళ తొందరపడ్డాడు.

ఊళ్లో ఆమె పేరుతో ఎవరికీ పని లేదు. మైకమ్మ అంటే చాలు. పైనుంచి ఉత్తర్వు ఇంగ్లీషులో దిగుతుంది, ఆమె చేతిలో తెలుగవుతుంది, ఆమె గొంతులో ఊరికి చేరుతుంది. మూడు లౌడ్‌స్పీకర్లు: ఈ ఆఫీసు నెత్తిన ఒకటి, సంత వీధి మలుపులో ఒకటి, నది దాటాక ఆసుపత్రి లాండ్రీ కప్పు మీద మూడోది. ఆ మూడోదానితోనే చిక్కంతా. తీగ వెంట మాట రెప్పపాటులో అవతలికి చేరుతుంది గాని, అక్కడ శబ్దమై నది మీదుగా తిరిగి రావడానికి నింపాదిగా నడుస్తుంది. మొదటి మాట ఇంకా నీళ్ల మీదుండగానే రెండోది పలికితే రెండూ ఢీకొని, వినేవాడికి పిడతలో గవ్వలాడించినట్టు వినిపిస్తుంది. అందుకే మైకమ్మ ఒక మాట పలికి, అది వెళ్లి, తగిలి, పైన వెంటిలేటరులోంచి తిరిగివచ్చేదాకా ఆగి, ఇంకో మాట పలుకుతుంది. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. అన్నం తినమని పిలిచినా అలాగే పిలుస్తుందని కూతురు వెక్కిరిస్తుంది: "అమ్మా... అన్నం... రా... అనేలోపు పప్పు చల్లారిపోతుందే!" కూతురు. పిచ్చుక. ఆ పిల్ల పనిచేసేది ఆ మూడో స్పీకరు కిందనే, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో. పని దిగేది రోజూ సాయంత్రం సైరన్ మోగాక. సైరన్ మోగాక ఏప్రాన్ విప్పి, చేతులు కడుక్కుని, తోటివాళ్లతో నాలుగు మాటలాడి, వంతెన ఎక్కుతుంది. సైరన్ మోగాక. కాగితం మీద ఆ రెండు మాటలూ ఆమెకు బాగానే తెలుసు. వాటికి నిఘంటువు అక్కరలేదు.

అక్కరైన మాటకు నిఘంటువు తెరిచింది. అట్ట ఊడిన ఆ పాత పుస్తకం బల్ల సొరుగులో పడుకుని ఉంటుంది, ఇంట్లో మంచం దిగలేని పెద్దమనిషిలా. అడిగితే చెబుతుంది, అడగకపోతే దగ్గుతుంది. ఇంటర్‌డిక్ట్: అధికారపూర్వకమైన నిషేధము, అట్టి నిషేధమును విధించుట. అంతే. నిషేధమని చేతిలో పెట్టి పంపేసింది. నిషేధమే అయితే ఆ మాటలు ఇంగ్లీషులో ఎన్ని లేవు? ఫర్‌బిడ్ అమ్మ నోటి మాట. పొయ్యి దగ్గరికి రాకు. ప్రొహిబిట్ గోడ మీది మాట. ఇక్కడ వాహనములు నిలుపరాదు. బ్యాన్ వార్తాపత్రిక మాట. పొద్దున పుట్టి సాయంత్రానికి వాడిపోతుంది. ఈ ఇంటర్‌డిక్ట్ ఏ నోటి మాట? లోలోపల పలికి చూసింది. నాలుక ముందు మెత్తగా కదిలి, చివర అంగిట్లో టక్కున ఆగింది, బయటివైపు నుంచి గొళ్లెం పడినట్టు. మళ్లీ పలికింది. మళ్లీ పడింది. మాటల చప్పుడు చూసి మోసపోకు, చప్పుడు అర్థం కాదు అని నాన్న అనేవాడు. నిజమే, చప్పుడు అర్థం కాదు. అయినా మూడోసారి పలకలేదు.

ఫోను అందుకుంది. మాట అర్థం అడగవచ్చు. ఉత్తర్వు చెప్పకూడదు గాని మాట అడగవచ్చు. ఎవరిదీ కాని మాట అది, ఇంగ్లీషు వాళ్లది. ఇంట్లో నాన్న, ఊరందరి మాస్టారు, చాలాసేపటికి గాని ఎత్తలేదు. బడిలో సైన్సు చెప్పి చెప్పి రిటైరైనవాడు, ఇప్పుడు చెవి కాస్త దూరమైంది.

"నాన్నా, ఇంటర్‌డిక్ట్ అంటే ఏమిటి?"

"డిక్కీయా? కారు ఎప్పుడు కొన్నావమ్మాయ్?"

"కారు కాదు, మాట. ఇంటర్‌డిక్ట్."

"ఓహో." కుర్చీ కిర్రుమంది, పాఠం మొదలయ్యే చప్పుడు. "కొమ్ములున్న మాట అది. ఊరికే వద్దనడం కాదు. వద్దనే హక్కు తనకుందని ముందు మీసం దువ్వి, ఆ తరవాత వద్దనడం. ఏదీ, వాక్యం చెప్పు."

"వాక్యం లేదు. మాటే ఉంది."

"వాక్యం లేని మాట గోడ లేని తలుపు. ఎవరు వద్దన్నారు, ఎవరిని వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు? ఈ మూడూ చెప్పందే నేను అర్థం చెప్పనంటే చెప్పను."

"చెప్పకూడదు నాన్నా."

అవతల కుర్చీ కిర్రు ఆగిపోయింది. చెవి దూరమైనవాడికి కొన్ని మాటలు మాత్రం దగ్గరగానే వినిపిస్తాయి. "పిచ్చుక వచ్చేసిందా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"వస్తే తిన్నగా ఇంటికే రమ్మను. కళ్లజోడు ఎక్కడ పెట్టానో కనబడి చావడం లేదు, దాన్ని వెతకమని..." అంటూ అంటూనే ఫోను పెట్టేశాడు. కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉండి ఉంటుందని ఆమెకు తెలుసు.

ఎవరు, ఎవరిని, ఎందుకు. చిన్నప్పుడు రోజుకో మాట ఇచ్చేవాడు. దానికి సొంత జీవితంలోంచి వాక్యం కట్టందే అన్నంలో నెయ్యి వేయనిచ్చేవాడు కాదు. పుస్తకంలో వాక్యం దొంగ వాక్యమనేవాడు. ఇప్పుడు ఇది వాళ్లిచ్చిన వాక్యం. ఆమె జీవితంలోంచే కట్టారు, ఆమెను అడగకుండా కట్టారు. వద్దన్న దేనినైనా ఎందుకని అడగడం ఆ ఇంట్లో మర్యాద. పక్క వాటా పెద్దమ్మ సాయంత్రం వేళ అద్దం చూడరాదంటే, ఆయన నెల్లాళ్లు సాయంత్రాలే అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకున్నాడు. "ఏమైనా జరిగిందా మాస్టారూ?" అని ఆవిడ భయభక్తులతో అడిగితే, "జరిగిందండీ, వెలుతురు చాలక చుబుకం తెగింది. మీ మాటలో సత్యం లేకపోలేదు" అన్నాడు. కారణం చెప్పని నిషేధం మూఢనమ్మకానికి తోడబుట్టిందనేవాడు. అయితే ఆయనే ఒకరోజు కారణం చెప్పలేదు. బడి ప్రయోగశాలలో గోధుమరంగు సీసా, ఆమె చెయ్యి దాని మూత మీద, గది ఆ మూలనుంచి ఆయన "ముట్టుకోకు!" అని పెట్టిన కేక. ఎందుకని అడగడం ఆ ఇంటి మర్యాద గదా, ఎందుకని అంటూనే మూత తిప్పింది. అమ్మోనియా. ఊపిరి గొంతులో నిప్పు ముద్దై ఆగిపోయింది, కళ్లు రెండూ రెండు పుండ్లయ్యాయి, ఆయన ఎత్తుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తడం, నీళ్లు, నీళ్లు. ఆ రాత్రి మంచం పక్కన కూర్చుని, "వివరణకు పట్టే సమయం వేరు, కేకకు పట్టే సమయం వేరు అమ్మాయ్. ఒక్కోసారి కేకే ఉంటుంది. కారణం తరవాత వస్తుంది" అన్నాడు. ఆయన గొంతు అలా వణకడం ఆమె అదే మొదటిసారి వినడం.

అలాంటి కేకేమో ఇది. ఎవరికి తెలుసు? జ్వరమేమో. అవతలి ఒడ్డున ఏ జ్వరమో పుట్టి ఉంటే, వంతెన మూయడం న్యాయమే. తన బిడ్డ అటుందని ఇటున్న వందమంది బిడ్డల మీదికి జ్వరాన్ని తోలుకురావడం ఏ తల్లికీ తగదు. జ్వరమైతే లాండ్రీకి ముందు తెలుస్తుంది. ఆసుపత్రి కడుపులో ఏముందో డాక్టరు కన్నా ముందు దుప్పట్లు చెబుతాయని పిచ్చుకే అంటుంది. పొద్దున టీ తాగుతూ ఏమంది? "పనే లేదే అమ్మా, ఉతకడానికి దుప్పట్లు రావడం లేదు. రోగుల్ని ఇళ్లకు పంపేస్తున్నారు, సగం మంచాలు ఖాళీ. ఉన్నవాటికి కొత్త దుప్పట్లు వేయించారు, ఇస్త్రీ మడత నలగకుండా." జ్వరమైతే మంచాలు నిండాలి గాని ఖాళీ కావు. కాబట్టి జ్వరం కాదు. వంతెన స్తంభమేదైనా పగిలిందా? పగిలితే మూసేందుకు సైరన్ దాకా ఆగడమెందుకు, పగిలిన స్తంభం గడియారం చూసుకుంటుందా? కాబట్టి అదీ కాదు. రోగుల్ని పంపేస్తున్నారు, ఆసుపత్రిని ఖాళీ చేస్తున్నారు, అంటే అవతలి ఒడ్డును వదిలేస్తున్నారు. ఇల్లు ఖాళీ చేసేవాడు చివరికి తాళం వేసినట్టు వంతెన మూసేస్తున్నారు. అటు మిగిలినవాళ్లు మిగిలినట్టే. మనసు అక్కడికి చేరి, ఇక ముందుకు దారి లేదన్నట్టు నిలబడిపోయింది. గోడ మీద బల్లి లేదు, గడియారం లేదు, ఏ చప్పుడూ లేదు. పక్క గదిలో టైపు మిషన్లు ఎప్పుడు ఆగాయో ఆమె గమనించలేదు. ఈ వేళకు ఎప్పుడూ ఆగవు.

తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు. ఆ మాటను ఎన్నిసార్లు చదివింది! నది ఒడ్డు పార్కు మూసినప్పుడు చదివింది. ఆ తదుపరి ఇంకా వెలువడలేదు, పార్కు గేటుకు ఇప్పుడు తుప్పే తాళం. అప్పుడు కాగితంలో ఉన్నది ప్రొహిబిట్. ఆమె కూర్చుని, ఆలోచించి, జనం కంగారుపడతారేమోనని, పార్కు వేళల్లో సర్దుబాటు అని రాసింది. పై అధికారి మెచ్చుకున్నాడు. ఉత్తరాలు విప్పి చూడడం మొదలుపెట్టినప్పుడు తపాలా పరిశీలన సౌకర్యం అయింది. నలుగురు కలిసి వీధిలో నిలబడరాదన్నది పాదచారుల సౌలభ్యం అయింది. ఒక్కొక్క గరుకు మాటనూ తెచ్చి, తన గొంతులో నానబెట్టి, మెత్తగా పిండి ఊరి మీద ఆరేసింది. ఇంటిల్లిపాదీ చాకిరీ ఉతకడమే కాబోలు, కూతురు దుప్పట్లు, తల్లి మాటలు. మాస్టారు వరండాలో కూర్చుని వినేవాడు. ఒకరోజు ఆమె ఇంటికి రాగానే, "భేష్ అమ్మాయ్. నీ గొంతులో పడితే ఉరితాడు కూడా నూలుపోగులా వినిపిస్తుంది" అన్నాడు. ఆమె మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఉద్యోగం నాన్నా, నీ పెన్షనుకు మందులే రావు, అని కడుపులో అనుకుంది గాని పైకి అనలేదు. ఇవాళ ఇంటర్‌డిక్ట్‌ను దేనితో ఉతకాలి? వంతెన రాకపోకల క్రమబద్ధీకరణ. బాగుంది. వినసొంపుగా ఉంది. సైరన్ అయ్యాక ఆ పిల్ల చేతులు తుడుచుకుంటూ నెత్తిన అమ్మ గొంతు వింటుంది, క్రమ... బద్ధీ... కరణ... అని వెక్కిరించి తోటివాళ్లను నవ్విస్తుంది, నవ్వుకుంటూ వంతెన గేటు దగ్గరికి వస్తుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడుకు ఆమె కాగితం బోర్లించింది. వైర్ల బాబాయి. స్పీకర్లకు తీగలు లాగింది ఆయనే, రోజూ సైరన్‌కు ముందు వచ్చి మైకు పరీక్ష చేయించేదీ ఆయనే; చొక్కా జేబులో టెస్టరు, చెవి మీద సగం కాల్చిన బీడీ. "ఏం కబురు తల్లీ ఇవాళ? కరెంటు కోతా, నీళ్ల కోతా? కోయడానికి ఇంకేం మిగిలిందని?" అంటూ పెట్టె వెనక్కి వంగాడు. "అయినా ఇవాళ ఆఫీసులో ఒక్క నరమానవుడు లేడేమిటి? కింద పెద్దదొర గదికి తాళం. బంట్రోతు కూడా లేడు, వాడికి నేనింకా బీడీ బాకీ."

"ఏమో బాబాయ్."

"ఏమో అంటే ఎలా? ఊరికంతటికీ నువ్వు చెబుతావు, నీకెవరూ చెప్పరా?" అని తన మాటకు తానే నవ్వి, ఫ్యూజు నొక్కి, ఎర్ర దీపం వెలగగానే, "కానీ. ఒకటీ రెండూ అను" అన్నాడు.

ఒకటీ రెండూ. రోజూ అదే. ఒకటి అంటుంది, ఆగుతుంది, అవతలి ఒడ్డు ఒకటి అంటుంది. రెండు అంటుంది, అవతలి ఒడ్డు రెండు అంటుంది. మూడు దగ్గర బాబాయి చెయ్యెత్తితే అయిపోయినట్టు. ఈ మూడు మాటలూ ఎవరివీ కావు, ఏ ఉత్తర్వూ పంపనివి, ఎవరూ చదవమని ఇవ్వనివి. ఈ మైకులో ఆమె సొంతంగా పలికేవి ఈ మూడే. మైకు ముందుకు వంగింది. జాలీ మీద రోజూ ఆమె ఊపిరి తగిలిన చోట ఇనుము కాస్త నల్లబడింది. తొక్కిసలాట, ఆ పాపం మీ మెడకే. వంతెన ఇరుకు. ఒకళ్లమీద ఒకళ్లు పడితే? రెయిలింగు పాతది. పిల్లలను చంకనేసుకుని పరిగెత్తే ఆడవాళ్లు, ఒకళ్లు జారితే? గోధుమరంగు సీసా. ముట్టుకోకు. కేక ఒక్కటే ఉంటుంది, కారణం తరవాత వస్తుంది. నిజమే నాన్నా. కాని నువ్వు కేక పెట్టావు. గది ఆ మూలనుంచి, గుండెలు అవిసేలా, ఊపిరి అందక కేక పెట్టావు. నీకు కారణం చెప్పే తీరిక లేదు. వీళ్లు కేక పెట్టలేదు. మంచి కాగితం తెచ్చి, అంచులు సరిచేసి, వంకర లేకుండా టైపు చేయించి, కింద సంతకం పెట్టి, సంతకం ఆరేదాకా ఆగి, మడత పెట్టి, మెట్లెక్కి తెచ్చారు. మడత పెట్టడానికి తీరిక ఉంది, కారణానికి లేకపోయిందా? తీరిక ఉండి కారణం చెప్పలేదంటే, చెబితే తమకు చెల్లదు గనక. ఇది నీ సీసా కాదు నాన్నా. ఇది పక్క వాటా పెద్దమ్మ అద్దం. అలా అనుకోగానే ఆమె మనసు, ప్రయోగం చివర అంకె తేలినప్పుడు మాస్టారు ముఖంలా, తేటపడింది. భయం పోలేదు. భయం పక్కన ఒక లెక్క వచ్చి కూర్చుంది, అంతే.

"అనవేం తల్లీ?"

"వంతెన," అంది మైకమ్మ.

బాబాయి తలెత్తాడు. అవతలి ఒడ్డు, వెంటిలేటరులోంచి, వంతెన అంది.

ఎంత కంగారులోనూ ఆ ఎడం ఆమె తప్పలేదు. ఇప్పుడు తప్పితే పిడతలో గవ్వలే. "మూసేస్తున్నారు." ఆగింది. మూసేస్తున్నారు. "సైరన్‌కు." ఆగింది. గుండె మాత్రం ఆగకుండా రెండింటికీ మధ్య నాలుగుసార్లు కొట్టుకుంది. "ఇప్పుడే." ఇప్పుడే. "ఇంటికి." ఇంటికి. "రండి." క్రమబద్ధీకరణ లేదు, సర్దుబాటు లేదు, సౌకర్యం లేదు, ఇన్నేళ్లలో ఆమె గొంతు ఉతకకుండా బయటికి వెళ్లిన మొదటి మాటలు. రండి అన్నది నది మీదుగా తిరిగివచ్చినప్పుడు అది తన గొంతేనని ఆమె పోల్చుకోలేకపోయింది. ఎవరో తల్లి ఎవరినో పిలుస్తున్నట్టుంది. "తొక్కుకోకండి. పిల్లల్ని ముందు పంపండి," అని కూడా అంది, ఎడం ఇచ్చి, ఒక్కొక్క మాటే.

బాబాయి అప్పటికి తేరుకున్నాడు. "ఏం పని చేశావమ్మా? ఏం పని చేశావు? నా మనవళ్లున్నారమ్మా నాకు," అంటూ పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి ఫ్యూజు ఊడబెరికాడు. ఎర్ర దీపం ఆరింది. ఊడబెరికిన దాన్ని ఏం చేయాలో తెలియక జేబులో వేసుకుని, తాను అసలు ఆ గదిలోకే రానట్టు, వెనక్కి చూడకుండా మెట్లు దిగి పారిపోయాడు. ఆమె కిటికీ దగ్గరికి నడిచింది. గదిలోకి చప్పుడు రాకుండా అద్దం ఎప్పుడో బిగించేశారు; పై వెంటిలేటరులోంచి స్పీకరంత గట్టి శబ్దమే దూరుతుంది. దాని అవతల నది, వంతెన, సాయంత్రం, అన్నీ మాట పడిపోయిన మనుషుల్లా ఉన్నాయి. ముందు ఏమీ లేదు. తరవాత లాండ్రీ తలుపు తెరుచుకుంది. తెల్లటి ఏప్రాన్లు. ఒకటి, నాలుగు, ఇక లెక్కకు అందలేదు; వాటి వెనక ఆసుపత్రి ఆయాలు, పక్క వీధుల్లోంచి సంచులతో మొగవాళ్లు, చేయి చేయి పట్టుకున్న బడిపిల్లలు. పరిగెత్తుతున్నారు, తొక్కుకోవడం లేదు. పిల్లలే ముందున్నారు. చెప్పినట్టే వింటున్నారు, ఈ గొంతు చెప్పినట్టు వినడం వాళ్లకు ఏళ్ల అలవాటు. వాళ్లలో మోచేతులు రెండూ బయటికి చాపి, ఎగరబోయి ఎగరలేనట్టు పరిగెత్తే మనిషి ఒకతే. ఆమె నుదురు అద్దానికి ఆనించి నిలబడిపోయింది. వచ్చేస్తోంది. వంతెన నడిమికి వచ్చేసింది. పాపమైతే నా మెడకే చుట్టుకోనీ. వచ్చేసింది.

అప్పుడు ఆఫీసు వెనక ఆవరణలోంచి మొదటి కారు బయటికి వచ్చింది. ఆపడానికి వెళుతున్నారనుకుంది, గేటు మూయడానికి. కారు కప్పు మీద చుట్టిన పరుపులు తాడుతో బిగించి ఉన్నాయి. వెనక ఇంకోటి, దాని కిటికీలోంచి టేబుల్ ఫ్యాను తల బయటికి ఉంది. ఇంకోటి, అందులో ముసలావిడ, ఒళ్లో కుక్క. వరసగా, హారన్లు కొట్టుకుంటూ, కొట్టుకుంటున్నారని ఎదురొచ్చే జనం ఉలికిపడి పక్కకు ఒదుగుతుంటే తెలుస్తోంది గాని అద్దం ఇవతలికి ఏమీ వినబడటం లేదు, కార్లన్నీ వంతెన ఎక్కి ఎదురు జనాన్ని చీల్చుకుంటూ అటే పోతున్నాయి. అటే. ఒక్కటీ ఇటు రావడం లేదు. చివరి కారులో, ముందు సీట్లో, ఆమెకు కాగితం ఇచ్చిన అధికారి. ఒళ్లో బిడ్డ.

ఆమె చూపు వంతెన ఇవతలి కొసకు వచ్చింది. గేటు బార్లా తెరిచి ఉంది; కాపలా గది ఖాళీ, కుర్చీ బోర్లపడి ఉంది. అవతలి కొసకు వెళ్లింది. అక్కడ ఉన్నారు, వరసగా, తుపాకులతో. గేటు తలుపులు రెండూ సగం దగ్గరికి లాగి, చివరి కారు కోసం ఆ కాస్త సందు ఉంచి, దానికి అవతల నిలబడి ఉన్నారు. వాళ్ల టార్చిలైట్లు వెలుగుతున్నాయి. వెలుతురంతా ఇటే ఉంది. ఇస్త్రీ మడత నలగని దుప్పట్లు, రాబోయేవాళ్ల కోసం ఖాళీ చేసి ఉంచిన మంచాలు. వాటి లెక్క ఆమె చేయగలిగినంత శ్రద్ధగా చేసింది, ఒక్కటి తప్ప. ఏ ఒడ్డును వదిలేస్తున్నారో అది మాత్రం ఆమె లెక్కలో వేయనేలేదు. తన ఇల్లున్న ఒడ్డును లోకం వదిలేస్తుందని ఎవరికి తడుతుంది గనక?

మైకు దగ్గరికి పరిగెత్తింది. "వెనక్కి!" అంది. ఎర్ర దీపం లేదు. వెనక్కి, వెనక్కి వెళ్లండి. మాట గది నాలుగు గోడలకూ తగిలి కాళ్ల దగ్గర పడింది. కిటికీ దగ్గరికొచ్చి అరచేతులతో అద్దం బాదింది, పొండి పొండి అని రెండు చేతులూ ఊపింది. కింద, వంతెన దిగిన జనంలోంచి, తెల్ల ఏప్రాన్లో ఉన్న పిల్ల తలెత్తి చూసి, నవ్వి, తానూ రెండు చేతులూ ఊపింది. ఊపి, వెనకవాళ్లకు ఈ కిటికీని చూపించి ఏదో చెప్పింది. వాళ్లూ చేతులు ఊపారు. చివరి కారు అవతలికి జారింది. సందు మూసుకుంది. చప్పుడు లేదు, అద్దం కదా.

మెట్ల మీద అడుగులు. రెండేసి మెట్లు ఎక్కే అడుగులు. సైరన్ ఇంకా మోగలేదు. తలుపు నెట్టుకుని పిచ్చుక వచ్చింది; జుట్టు రేగి, ముఖం కందిపోయి, చేతుల మీద ఆరిన సబ్బు చారలు, కళ్లలో తల్లి మీద అంతకుముందెన్నడూ లేని గర్వం. ఊపిరి అందడం లేదు గాని ఆగలేకపోతోంది.

"అమ్మా, నీ గొంతు విని ఉన్నపళంగా వచ్చేశాను! ఊరికే రాలేదే, దారిలో ఇంటింటికీ తలుపులు కొట్టి అందరినీ తీసుకొచ్చాను. నమ్మనివాళ్లతో మా అమ్మే చెప్పిందని ఒట్టు పెట్టాను. ఒక్కళ్లను కూడా అటు వదల్లేదు."